తెర మీది కల్పిత పత్రికలు

సినిమాలోనో టీవీ సీరియల్‌లోనో కథ అవసరం కోసం పేరు పెట్టి, మొదటి పేజీ కూర్చి, పాత్రల చేతికిచ్చే పత్రికను కల్పిత పత్రిక అంటారు. అది బజారులో దొరకదు. దానికి చందాదారులుండరు, ఏజెంటూ ఉండడు. అయినా కథలో మంత్రి బండారం బయటపెట్టేది అదే, తప్పిపోయిన బిడ్డ ఫొటో వేసేది అదే, నిర్దోషిని ఊరి ముందు దోషిగా నిలబెట్టేదీ అదే. ఇలాంటి పత్రిక ఒక్క కథతో ఆగిపోకుండా పలు సీరియళ్లలో అదే పేరుతో, ఒక్కోసారి అదే పేజీతో తిరగడం అమెరికా, జపాన్ టెలివిజన్‌లలో స్థిరపడిన అలవాటు. బ్రిటన్‌లో ఒకే సీరియల్‌తో పాటు దశాబ్దాలు నడిచిన కల్పిత పత్రికలున్నాయి.

తెలుగులో కల్పిత పత్రికలకు కొదవ లేదు, వాటిలో గుర్తుండిపోయేవీ ఉన్నాయి. అయితే ఒక్కో చిత్రానికి ఒక్కో పేరు పుట్టి, ఆ చిత్రంతోనే ముగిసిపోతుంది. పది కథలు పంచుకునే పత్రిక తెలుగు తెర మీద నిలదొక్కుకోలేదు. జిల్లా పత్రిక అనే వ్యవస్థను ఇంత లోతుగా పల్లెలకు తీసుకెళ్లిన భాషలో ఇది పెద్ద లోటు. కోనసీమలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో మండలానికో విలేకరి ఉంటాడు, ఊరి వార్త ఊరి పేరుతోనే అచ్చవుతుంది. అదే కోనసీమను తెర మీద చూపినప్పుడు కొబ్బరి తోటలు, కాలువలు, పడవలు వస్తాయి, ఊరి పేపరు మాత్రం రాదు.

అసలు పేరు ఎందుకు వాడరు

మొదటి కారణం హక్కులు. పత్రిక పేరూ, ఆ పేరు రాసే అక్షరాల తీరూ యజమానికి వాణిజ్య చిహ్నం కింద చెందిన ఆస్తి. పేజీలోని వార్త, ఫొటో, కార్టూన్, ప్రకటన ఒక్కొక్కటీ ఒక్కొక్కరి కాపీరైటు. కథానాయకుడు కాఫీ తాగుతూ పేపరు తిరగేసే రెండు సెకన్ల షాట్‌లో ఎంతో మంది సొత్తు కనిపిస్తుంది. హాలీవుడ్‌లో చిత్రీకరణకు ముందే ఇలాంటి ప్రతి వస్తువుకూ అనుమతి తెచ్చుకోవాలి. అనుమతులు సరిగా లేకపోతే నిర్మాతకు కావలసిన బీమా దొరకడం కష్టం, బీమా లేని చిత్రాన్ని పంపిణీదారు తీసుకోడు. ఇంత తతంగం కంటే ఒక పేరు పుట్టించుకోవడం సులువు.

రెండోది పరువు. కథలో సంపాదకుడు లంచం తీసుకుంటాడు, విలేకరి బెదిరించి డబ్బు గుంజుతాడు, యజమాని ఎన్నికల ముందు అబద్ధం అచ్చు వేయిస్తాడు. ఆ పత్రికకు అసలు పేరు పెడితే పరువు నష్టం దావా తప్పదు. మన దేశంలో అది సివిల్ వ్యవహారమే కాదు, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం కూడా.

మూడో కారణం మన దేశానికే ప్రత్యేకం. భారతదేశంలో పత్రిక పెట్టాలంటే ముందు పేరు ఖాయం చేసుకోవాలి. 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం వచ్చి, 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. ఒకే భాషలో దేశంలో ఎక్కడా, ఒకే రాష్ట్రంలో ఏ భాషలోనూ ఒక పేరును గానీ దాన్ని పోలిన పేరును గానీ రెండోసారి ఇవ్వకపోవడం ఈ నమోదు పద్ధతికి మూలసూత్రం. దీని ఫలితం తెలుగు కళా దర్శకుడి నెత్తిన పడుతుంది. ప్రజ, జన, ఆంధ్ర, తెలుగు అనే మాటలకు వాణి, జ్యోతి, ప్రభ, శక్తి, భూమి లాంటివి చేర్చి ఏ పేరు అల్లినా, ఎక్కడో ఒక పట్టణంలో ఎవరో ఒకరు దాన్ని దినపత్రికగానో పక్షపత్రికగానో నమోదు చేయించుకునే ఉంటారు. సినిమా కోసం వేసే పేజీకి నమోదు అక్కర్లేదు. కానీ నోరారా పలికే పేరు పెట్టగానే అది ఎవరిదో ఒకరిది అవుతుంది.

అసలు పేరుతోనే ధైర్యంగా నడిచిన సీరియళ్లూ ఉన్నాయి. డేవిడ్ సైమన్ తీసిన 'ది వైర్' అయిదో భాగం (2008) బాల్టిమోర్ సన్ పత్రిక కార్యాలయం చుట్టూ తిరుగుతుంది. సైమన్ ఆ పత్రికలోనే ఏళ్ల తరబడి విలేకరిగా పనిచేసినవాడు. వార్తలు కల్పించే విలేకరిని, అది తెలిసీ కళ్లు మూసుకునే పెద్దలను చూపించిన కథకు పత్రిక తన పేరు వాడుకోనిచ్చింది. 1996 నుంచి 2000 దాకా వచ్చిన 'ఎర్లీ ఎడిషన్'లో కథానాయకుడి గుమ్మం ముందు మర్నాటి షికాగో సన్ టైమ్స్ ఒక రోజు ముందే వచ్చి పడుతుంది. ఇవి అరుదు.

ఒకే పత్రిక, అనేక కథలు

పంచుకోవడం మూడు దారుల్లో జరుగుతుంది. మొదటిది ఒకే నిర్మాణ కుటుంబం. 1990లో మొదలైన 'లా అండ్ ఆర్డర్', దాని నుంచి పుట్టిన సీరియళ్లు న్యూయార్క్ నేరాలను కథలుగా చెప్పాయి. వాటిలో పోలీసులు, ప్రాసిక్యూటర్లు చదివే పేపరు న్యూయార్క్ లెడ్జర్. ఆ పేరు ఇతర నిర్మాణాల్లోకీ పాకింది. పందొమ్మిదో శతాబ్దంలో నిజంగానే న్యూయార్క్ లెడ్జర్ అనే కథల వారపత్రిక ఉండేది, ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయిన పత్రిక పేరును తెర మీద బతికించడం అమెరికన్ రచయితలకు బాగా అలవాటు. 'హౌస్ ఆఫ్ కార్డ్స్'లో విలేకరి జోయీ బార్న్స్ పనిచేసే వాషింగ్టన్ హెరాల్డ్ పేరుతో కూడా ఒకప్పుడు అసలు పత్రిక ఉండేది.

మార్వెల్ వారి 'డేర్‌డెవిల్' (2015) ఇంకా ముచ్చటైన ఉదాహరణ. కామిక్స్‌లో బెన్ యూరిక్ అనే విలేకరి పనిచేసేది డైలీ బ్యూగుల్‌లో. కానీ స్పైడర్‌మ్యాన్‌తో ముడిపడిన ఆ పత్రిక తెర హక్కులు వేరే సంస్థ దగ్గర ఉండిపోయాయి. అందుకని నెట్‌ఫ్లిక్స్ సీరియల్‌లో బెన్ యూరిక్ న్యూయార్క్ బులెటిన్‌కు మారాడు. తర్వాత ఆ కుర్చీలోకి కేరెన్ పేజ్ వచ్చింది. అదే వీధుల్లో నడిచిన తోటి సీరియళ్లలో కూడా బులెటిన్ కనిపిస్తూ వచ్చింది. హక్కుల చిక్కు వల్ల పుట్టిన పేరు, నాలుగైదు సీరియళ్లను ఒకే ఊరిగా కలిపే దారం అయింది. సూపర్‌మ్యాన్ డైలీ ప్లానెట్ అన్నిటికంటే పెద్దది. 1938లో కామిక్స్‌లో డైలీ స్టార్‌గా మొదలై 1940లో పేరు మార్చుకుని, అప్పటినుంచి రేడియో, సినిమా, 'లోయిస్ అండ్ క్లార్క్', 'స్మాల్‌విల్' దాకా నడిచింది. ఇలినాయ్ రాష్ట్రంలో మెట్రోపొలిస్ అనే చిన్న ఊరు సూపర్‌మ్యాన్‌ను తమవాడిగా చేసుకుంది. ఆ ఊరి అసలు పత్రిక పేరిప్పుడు మెట్రోపొలిస్ ప్లానెట్.

రెండో దారి ఒకే అచ్చుయంత్రం. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1915 నుంచి ఉన్న ఎర్ల్ హేస్ ప్రెస్ సినిమాలకు కావలసిన కాగితం సామాను మాత్రమే అచ్చు వేస్తుంది. నకిలీ పత్రికలు, సీసాల లేబుళ్లు, కల్పిత సిగరెట్ పెట్టెలు అక్కడ తయారవుతాయి. వారి దగ్గర ఒక పేజీ ఉంది. అందులో పొడవాటి నల్లని జుట్టున్న ఒక యువతి ఫొటో, చుట్టూ ఏ కథకూ చెందని వార్తలు ఉంటాయి. 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్'లో తండ్రి చేతిలో అదే, 'మోడర్న్ ఫ్యామిలీ'లో తండ్రి చేతిలో అదే, ఇంకా ఎన్నో సినిమాల్లో బల్ల మీద పడి ఉన్నదీ అదే. 2010 ప్రాంతంలో ప్రేక్షకులు ఫ్రేములు ఆపి పక్కపక్కన పెట్టి చూసుకునేదాకా ఎవరూ పట్టించుకోలేదు. సంవత్సరాల తేడాతో, వేర్వేరు సంస్థలు తీసిన కథల్లో అన్ని కుటుంబాలూ ఒకే రోజు పేపరు చదువుతున్నాయన్నమాట. ఆ పేజీ అంత కాలం దొరక్కపోవడానికి కారణం అది ఏమీ చెప్పకపోవడమే. చూసేవాడి కన్ను దాని మీద ఆగనంత మామూలుగా ఉండేలా దాన్ని కూర్చారు.

మూడో దారి ఎవరూ చెప్పకుండానే ఏర్పడిన ఆనవాయితీ. దీనికి జపాన్ సాటిలేని ఉదాహరణ. అక్కడి మైనిచి, అసాహి అనే రెండు పెద్ద పత్రికల పేర్ల నుంచి ఒక్కో అక్షరం తీసి కలిపితే మైచో షింబున్ అవుతుంది. జపాన్ వీక్షకుడికి ఆ పేరు వినగానే దేశవ్యాప్తంగా నడిచే పెద్ద పేపరని తెలిసిపోతుంది, ఏదని మాత్రం వేలెత్తి చూపలేడు. యమసాకి తొయోకో నవల ఆధారంగా 2012లో టీబీఎస్ ప్రసారం చేసిన 'ఉన్మెయ్ నో హితో'లో కథానాయకుడిది ఆ పత్రికే. ఒకినావా అప్పగింత ఒప్పందం వెనక ఉన్న రహస్యాన్ని 1970ల తొలినాళ్లలో బయటపెట్టి అరెస్టయిన మైనిచి విలేకరి ఉదంతమే ఆ కథకు మూలం. అసలు సంఘటనకు ఇంత దగ్గరగా నడిచినప్పుడు కూడా పేరు ఒక్క అక్షరం పక్కకు జరిగింది. తోతో షింబున్ ఇలాంటి మరో పేరు. 2019 నాటి 'ది జర్నలిస్ట్' సినిమాలోనూ, 2022లో నెట్‌ఫ్లిక్స్ కోసం తీసిన దాని సీరియల్‌లోనూ అదే పత్రిక.

మన దేశంలో ఈ పక్కకు జరపడం చక్కగా చేసింది 'స్కూప్' (2023). ఏషియన్ ఏజ్‌లో పనిచేసిన విలేకరి జైలు జ్ఞాపకాల మీద ఆధారపడిన ఆ సీరియల్‌లో పత్రిక పేరు ఈస్టర్న్ ఏజ్. హిందీ సినిమాల్లో అంతకుముందే మంచి కల్పిత పత్రికలున్నాయి. 'జానే భీ దో యారో' (1983)లో ఖబర్దార్, 'మిస్టర్ ఇండియా' (1987)లో శ్రీదేవి పాత్ర పనిచేసే క్రైమ్స్ ఆఫ్ ఇండియా అలాంటివి. రమేశ్ శర్మ 'న్యూఢిల్లీ టైమ్స్' (1986)లో అయితే పత్రిక పేరే సినిమా పేరు. శశికపూర్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చిన ఆ చిత్రం, సంపాదకుడు నిజాయితీగా అచ్చు వేసిన వార్త కూడా రాజకీయుల ఆటలో పావు ఎలా అవుతుందో చూపింది.

ఊరి పత్రిక

పెద్ద నగరాల పత్రికల కన్నా నాకు ముఖ్యమనిపించేది బ్రిటిష్ సీరియళ్ల ఊరి పేపరు. 1960 డిసెంబరులో మొదలైన 'కోరొనేషన్ స్ట్రీట్' వెదర్‌ఫీల్డ్ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. ఆ ఊరికి వెదర్‌ఫీల్డ్ గెజెట్, వెదర్‌ఫీల్డ్ రికార్డర్ అనే పత్రికలున్నాయి. మొదటి ఎపిసోడ్ నుంచీ ఉన్న కెన్ బార్లో పాత్ర కొన్నేళ్లు ఆ పత్రికల్లో పనిచేసింది. 1985 నాటి 'ఈస్ట్ఎండర్స్'కు వాల్‌ఫర్డ్ గెజెట్, యార్క్‌షైర్ పల్లెల్లో జరిగే 'ఎమర్‌డేల్'కు హాటెన్ కూరియర్ ఉన్నాయి.

ఈ పత్రికలు ప్రభుత్వాలను పడగొట్టవు. పబ్ అమ్మకానికి వచ్చిందని రాస్తాయి, పెళ్లి ఫొటో వేస్తాయి, దొంగతనం కేసులో వీధి కుర్రాడి పేరు రాసి అతడి తల్లిని వారం రోజులు బయటికి రానివ్వకుండా చేస్తాయి. రచయితలకు అదొక సదుపాయం, ఏదైనా రహస్యం వీధి అందరికీ ఒకేసారి తెలియాలంటే పేపరు ఉంది. వీక్షకుడికి మాత్రం అంతకన్నా ఎక్కువ. ఏళ్ల తరబడి అదే పేరు, అదే అక్షరాలు చూసినవాడికి ఆ ఊరు నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది. దక్షిణాదిలో దీనికి దగ్గరగా వచ్చింది ఆర్.కె.నారాయణ్ మాల్గుడి. 'మిస్టర్ సంపత్' నవల (1949)లో శ్రీనివాస్ నడిపే ది బ్యానర్ అనే వారపత్రిక ఉంటుంది. ఊరికి నది ఉంది, రైల్వే స్టేషన్ ఉంది, పత్రిక కూడా ఉంది. కల్పిత ఊరికి పత్రిక ఉండాలని నారాయణ్‌కు తోచడం చిన్న విషయమేమీ కాదు.

తెలుగు తెర

తెలుగు సినిమా మొదటినుంచీ పత్రికను కథ నడిపే సాధనంగా వాడుకుంది. 'మిస్సమ్మ' (1955) కథ మొత్తానికి మూలం పేపరులో పడిన ఒక ఉద్యోగ ప్రకటన. అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావాలని వేయించిన ఆ నాలుగు లైన్లు లేకపోతే నిరుద్యోగి ఎం.టి.రావు, మేరీ కలిసి భార్యాభర్తలుగా నటించాల్సిన పనే లేదు. నలుపు తెలుపు కాలంలో తిరుగుతూ వచ్చి నిలిచే మొదటి పేజీ, రోటరీ యంత్రం మీద పరుగెత్తే కాగితం, వీధిలో కేకలు వేసే కుర్రాడు అందరికీ తెలిసిన దృశ్యభాష. దీనికి ప్రపంచ సినిమాలో పేరు మోసిన నమూనా 'సిటిజెన్ కేన్' (1941). అందులో న్యూయార్క్ ఇంక్వైరర్ యజమాని ఎన్నికల ఫలితం కోసం రెండు మొదటి పేజీలు సిద్ధం చేయిస్తాడు, ఒకటి తాను గెలిచానని, మరొకటి పోలింగులో మోసం జరిగిందని.

పత్రికే కథ అయిన తెలుగు చిత్రాల్లో 'అంతిమ తీర్పు' (1988) బలమైనది. మలయాళంలో 'న్యూఢిల్లీ' తీసిన జోషీయే తెలుగులోనూ దర్శకుడు, ప్రధాన పాత్ర కృష్ణంరాజుది. రాజకీయులు జైల్లోకి తోసి, అంగవికలుణ్ణి చేసిన పాత్రికేయుడు బయటికి వచ్చి సొంత పత్రిక పెడతాడు. తనకు అన్యాయం చేసినవాళ్లను తన మనుషులతోనే చంపించి, ఆ వార్తను అందరికంటే ముందు తన పత్రికలోనే వేస్తాడు. మూలంలో ఆ పత్రిక పేరు న్యూఢిల్లీ డైరీ. వార్త రాసేవాడే వార్త పుట్టిస్తే ఏమవుతుందన్న ప్రశ్నను అంత నిక్కచ్చిగా అడిగిన కథ ఆ తర్వాత తక్కువే. 2011లో 'రంగం'గా తెలుగులోకి వచ్చిన తమిళ 'కో' ఒక దినపత్రిక ఫొటోగ్రాఫర్ కథ. తమిళంలో దాని పేరు దిన అంజల్. దర్శకుడు కె.వి.ఆనంద్ సినిమాల్లోకి రాకముందు పత్రికలకు ఫొటోలు తీసినవాడు. అందుకే ఆ న్యూస్‌రూమ్‌లో పని వాతావరణం పైపైన కాకుండా ఉంటుంది.

'మహానటి' (2018)లో సావిత్రి కథను మనకు చెప్పేది మధురవాణి అనే విలేకరి, ఆమెకు తోడు విజయ్ ఆంటోనీ అనే ఫొటోగ్రాఫర్. వాళ్లు పనిచేసే పత్రిక ప్రజావాణి. సావిత్రి కోమాలో ఉన్న రోజుల్లో, 1980ల మొదట్లో జరిగే ఆ భాగంలో మాటలు తడబడే అమ్మాయికి సంపాదకుడు ఒక చిన్న పని అప్పగిస్తాడు. ఆ పని పెరిగి పెద్దదై ఆమె జీవితాన్నే మార్చేస్తుంది. ప్రజావాణి పేరుతో 1948 నుంచి బెంగళూరులో ప్రముఖ కన్నడ దినపత్రిక వస్తోంది. నమోదు నియమం భాషకూ రాష్ట్రానికీ గిరి గీసినందువల్ల ఇలాంటి పేర్లు పొరుగు భాషలో కొత్తగా పలుకుతాయి. తెలుగు చెవికి ప్రజావాణి ఎక్కడో విన్న పేరులా అనిపించి, ఫలానా పేపరని మాత్రం గుర్తుకు రాదు. కల్పిత పత్రికకు కావలసింది సరిగ్గా అదే. ఈ పేరును మరో నాలుగు కథలు వాడుకుని ఉంటే ఎంత బాగుండేది!

తెలుగులో పంచుకునే పత్రిక ఏర్పడకపోవడానికి ఒక చారిత్రక కారణం కనిపిస్తుంది. ఇక్కడ పత్రిక, తెర వేర్వేరు ఇళ్లు కావు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు యాజమాన్యమే ఉషాకిరణ్ మూవీస్ ద్వారా సినిమాలు తీసింది, 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభించింది, సీరియళ్ల చిత్రీకరణకు ఆయువుపట్టు అయిన రామోజీ ఫిల్మ్ సిటీ కట్టింది. సినిమా నుంచి పత్రిక వైపు వచ్చినవారు దర్శకుడు దాసరి నారాయణరావు. రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి కొంత దూరం వెళ్తే వచ్చే పాలకొల్లు ఆయన ఊరు. తెర మీద కల్పిత పత్రిక పెట్టి ఊరుకోకుండా ఆయన 1984 డిసెంబరులో ఉదయం అనే అసలు దినపత్రికే పెట్టారు. ఏబీకే ప్రసాద్ మొదటి సంపాదకుడు. 1995లో మూతపడేదాకా ఉదయం తెలుగు పత్రికారంగంలో ఎందరో యువ విలేకరులకు బడి అయింది. ఇలాంటి చోట పత్రిక పేరు ఎప్పుడూ ఎవరో ఒక ప్రత్యర్థి పేరులా వినిపిస్తుంది. ఒక ఛానల్ సీరియల్‌లో పుట్టిన కల్పిత పత్రికను మరో ఛానల్ తీసుకోవాలంటే మొహమాటం అడ్డొస్తుంది. ఆగిపోయిన పేర్లను వాడుకుందామన్నా కుదరదు. ఆంధ్రపత్రిక, ఉదయం పేర్లు వినగానే చదివినవాళ్ల మనసులో అసలు పత్రికే మెదులుతుంది.

టీవీ సీరియళ్లలో ఇంకో మార్పు వచ్చింది. 2000ల తర్వాత రహస్యం బయటపెట్టే పని పేపరు నుంచి న్యూస్ ఛానల్ చేతికి పోయింది. అంతకు ముందే 'ఒకే ఒక్కడు' (1999)లో క్యూటీవీ విలేకరి ముఖ్యమంత్రిని నిలదీశాడు. పూరి జగన్నాథ్ 'కెమెరామెన్ గంగతో రాంబాబు' (2012) మొత్తం ఛానళ్ల కథే. సీరియల్ తీసేవారికి కల్పిత ఛానల్ చవక. ఒక లోగో, ఎర్రటి పట్టీ, కింద పరుగెత్తే అక్షరాలు ఎడిటింగ్ గదిలోనే అయిపోతాయి. పేపరుకు కాగితం కావాలి, అచ్చు కావాలి, మడత కావాలి. రెండు సీరియళ్ల పాత్రలను ఒకే ఇంట్లో కలిపే 'మహాసంగమం' ఎపిసోడ్లు మన ఛానళ్లు చేస్తూనే ఉన్నాయి. రెండు కుటుంబాలు కలుసుకోగలిగినప్పుడు రెండు ఇళ్లలో ఒకే పేపరు పడటం కష్టమేమీ కాదు.

మొదటి పేజీ తయారీ

పేజీ పని ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ది. దర్శకుడు శీర్షిక చెబుతాడు, నటుడి ఫొటో వస్తుంది, డీటీపీ ఆపరేటర్ పేజీ పెడతాడు. పత్రిక పేరుకు అక్షరాలు ఎంచుకోవడం, తేదీ, సంపుటి, సంచిక, వెల, ఎడిషన్ పేరు సరిగా వేయడం, పతాక శీర్షికను రెండు లైన్లలో కెమెరాకు అందేలా పెద్దదిగా పెట్టడం అతని పని. అచ్చయిన మొదటి షీటును పాత పేపర్ల కట్టకు పైన తొడిగి మడిస్తారు. చిరిగినా, కాఫీ పడినా, మళ్లీ టేక్ తీసుకోవాల్సి వచ్చినా ఇబ్బంది లేకుండా కొన్ని కాపీలు దాచుకుంటారు. మడత ఒక షాట్‌లో కుడికి, మరో షాట్‌లో ఎడమకు ఉంటే కంటిన్యుటీ తప్పినట్టే.

అసలు చిక్కు శీర్షిక కింద ఉండే వార్తతో వస్తుంది. పైన 'ప్రముఖ పారిశ్రామికవేత్త హత్య' అని ఉంటుంది, కింద ఏదో పాత ఫైలు నుంచి తెచ్చి పోసిన మరో విషయం ఉంటుంది. పాత టీవీ తెర మీద ఇది ఎవరికీ కనబడేది కాదు. ఇప్పుడు ఓటీటీలో బొమ్మ ఆపి చదవొచ్చు. ఆ వంద మాటలు కథకు సరిపడా రాయించడానికి పట్టేది అరగంట. ఆ అరగంట పెట్టిన కథకు, పెట్టని కథకు మధ్య తేడా వీక్షకుడు తప్పక గుర్తిస్తాడు.

కాలం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1960లలో జరిగే కథకు నేటి కంప్యూటర్ ఫాంటుతో పేజీ పెడితే అక్షరమే పట్టిస్తుంది. చేత్తో కూర్చిన సీసపు అక్షరాల్లో వత్తులు ఒక్కోచోట ఒక్కోలా అరిగి ఉంటాయి, సిరా హెచ్చుతగ్గులుంటాయి, ఫొటోలో చుక్కలు కనిపిస్తాయి. ఇంకా వెనక్కి వెళ్తే భాష కూడా మారుతుంది, గ్రాంథికపు పలుకుబడి వస్తుంది.

కోనసీమకు ఒక పేపరు

1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక, తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాక, తెలుగు పల్లె అచ్చులోకి వచ్చింది. రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద రాసిన పుస్తకం (2000)లో ఈ ప్రయోగానికి పెద్ద చోటు ఇచ్చాడు. కోనసీమ పేజీ తెరిస్తే ఆ విస్తరణ ఎలా ఉంటుందో కళ్లకు కడుతుంది. 'అమలాపురం, న్యూస్‌టుడే', 'సాక్షి, అమలాపురం' అని డేట్‌లైన్లు. పక్కనే అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ధరల పట్టిక. అందులో కొత్త కొబ్బరి క్వింటాలుకు, కురిడీ కొబ్బరి గండేరా, గటగట వెయ్యికి, నీటికాయ ముక్కుడు వెయ్యికి అని వరసలుంటాయి. బయటివాడికి ఒక్క ముక్క అర్థం కాదు. దింపు తీయించాలా, మరో వారం ఆగాలా అని ఆలోచించే రైతు ముందు చూసేది ఆ పట్టికనే. ఇంకా కాలువల మూత తేదీ, పి.గన్నవరం ఆక్విడెక్టు వార్త, లంకల్లో ఏటిగట్టు కోత, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఏర్పాట్లు.

పెద్ద వార్త వచ్చిన రోజులూ ఈ నేలకు తక్కువేమీ కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్జీసీ బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కొబ్బరి తోటలను, మనుషులను ఊడ్చేసింది. లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న అమలాపురం ఎంపీ జి.ఎం.సి.బాలయోగి 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. 2011లో రైతులు సాగు సమ్మె చేశారు, 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది, 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయింది. 2022 మే 24న జిల్లా పేరు మార్పు గొడవలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. ఆ వెంటనే మొబైల్ ఇంటర్నెట్ ఆపేసినప్పుడు, ఫోన్లో వార్తలు చూసే అలవాటున్న కుర్రాళ్లకు కూడా పొద్దున్నే వచ్చే పేపరే దిక్కయింది.

'శతమానం భవతి' (2017) ఆత్రేయపురంలో జరిగే కథ. గోదావరి ఊళ్లలో కథలు పెట్టుకున్న సినిమాలు, సీరియళ్లు ఇంకా చాలా వచ్చాయి, వస్తాయి కూడా. వాటన్నిటిలోనూ పెద్దాయన అరుగు మీద కూర్చుని చదివే పేపరుకు ఒకే పేరు ఉంటే చాలు. ఆ పేజీలో హత్య వార్త పక్కన అంబాజీపేట ధరలు, ఒక మూల సఖినేటిపల్లి పంటు ఆగిపోయిందన్న సింగిల్ కాలమ్ ఉంటే చాలు. కొబ్బరి చెట్ల మీదుగా డ్రోన్ షాట్ ఎన్నిసార్లు తీసినా రాని ఊరితనం దానితో వస్తుంది.

అలాంటి పేపరు పెట్టేవారు తేదీ చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4కు ముందు కోనసీమ జిల్లా లేదు, అమలాపురం జిల్లా కేంద్రం కాదు. 1996 తుఫాను మర్నాటి పేజీ వేస్తే పైన 'తూర్పు గోదావరి' అని ఉండాలి, సహాయ చర్యలు చూసే కలెక్టరు కాకినాడ నుంచి రావాలి. ఈనాటి కథ అయితే జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా, కలెక్టరేట్ అమలాపురంలోనే. కొత్తపేట, రాజోలు, ముమ్మిడివరం, రావులపాలెం డేట్‌లైన్లు మాత్రం రెండు కాలాలకూ సరిపోతాయి.